రెపో తగ్గింది, బిల్లు పడలేదు

రిజర్వ్ బ్యాంకు వడ్డీ రేటు తగ్గించిన ప్రతిసారీ టీవీల్లో ఒకటే లెక్క వేస్తారు. ముప్పై లక్షల ఇంటి రుణం మీద నెలకు ఎంత మిగులుతుంది? 2025 ఫిబ్రవరి దాకా 6.5 శాతం ఉన్న రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు, అదే ఏడాది డిసెంబర్‌కి నాలుగు విడతల్లో 5.25కి దిగింది. నాలుగుసార్లూ అదే లెక్క, అవే చప్పట్లు. మధురవాడలో ఫ్లాటు కొని ఈఎంఐ కట్టుకుంటున్న ఉద్యోగికి అది మంచి కబురే, కాదనను. కానీ ఊళ్లో వ్యాపారం పుంజుకోవడానికి అది చాలనుకుంటే పొరపాటు. విశాఖలాంటి నగరంలో చిన్న పరిశ్రమను ఇవాళ పీడిస్తున్నది ఖరీదైన అప్పు కన్నా రావాల్సిన డబ్బు రాకపోవడం. ముఖ్యంగా ప్రభుత్వాల దగ్గర ఇరుక్కున్న డబ్బు.

మా బావకు గాజువాక ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. ముగ్గురు వెల్డర్లు, ఇద్దరు హెల్పర్లు. ఒక ప్రభుత్వ విభాగానికి రెయిలింగులు, గేట్లు చేసి బిగించి ఇచ్చాడు. బిల్లు 10 లక్షలు. కొలతలు రాసుకున్నారు, సంతకాలు అయిపోయాయి. ఎనిమిది నెలలైనా డబ్బు పడలేదు. షెడ్డులో కరెంటు మీటరు పక్కన వేలాడే క్యాలెండర్‌లో, బిల్లు కోసం ఆఫీసుకు వెళ్లిన రోజులకు ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి పెట్టుకున్నాడు. ఏప్రిల్ నుంచి తిరగేశాను. సున్నా లేని నెల కనిపించలేదు.

డిసెంబర్‌లో రేటు తగ్గిన రోజు నేను అక్కడే ఉన్నాను. "బావా, మళ్లీ పావు శాతం తగ్గించారట" అన్నాను. ఆయన చేతిలో కటింగ్ వీల్ పక్కన పెట్టి, "తగ్గించనీ, నాకేటి లాభం? శనివారం కుర్రాళ్లకి డబ్బులు ఎక్కడి నుంచి తేవాలో అది చెప్పు" అన్నాడు.

ఆయన మాట వెనక లెక్క ఉంది. బ్యాంకులో ఆయనకున్న ఓడీ, అంటే ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు, 4 లక్షలు. ఏడాదిలో తగ్గిన 1.25 శాతం మొత్తం బ్యాంకు ఆయనకే వదిలేసిందనుకుందాం. మిగిలేది ఏడాదికి 5,000 రూపాయలు. బిల్లు రాకపోయేసరికి ఇనుము కొట్టుకు కట్టడానికి బయట తెచ్చింది 6 లక్షలు, నూటికి మూడు రూపాయల వడ్డీకి. ఏడాదికి లెక్కేస్తే 36 శాతం. నెలకు 18,000. ఎనిమిది నెలలకు 1,44,000. రెపో రేటు దిగిందని మూడు రూపాయల వడ్డీని రెండున్నర చేసే వ్యాపారి గాజువాకలో నాకు ఇంతవరకు తగల్లేదు.

రిజర్వ్ బ్యాంకు చేసేదాన్ని మన పత్రికలు పరపతి విధానం అని రాస్తాయి. పరపతి అంటే అప్పు పుట్టడం, ఊళ్లో మాట చెల్లడం కూడా. ఆ రెండు అర్థాలూ ఇక్కడ ఒకటే అవుతాయి. పరపతి ఉన్నవాడికే ఈ విధానం అందుతుంది. ఇళ్ల రుణాలు, చిన్న పరిశ్రమల రుణాలు కొత్తగా ఫ్లోటింగ్ (ఎప్పటికప్పుడు మారే) రేటుకు ఇచ్చేటప్పుడు రెపో లాంటి బయటి రేటుకు ముడిపెట్టాలని 2019 అక్టోబర్ నుంచి నిబంధన ఉంది. కాబట్టి బ్యాంకు అప్పు ఉన్నవాడికి తగ్గింపు త్వరగానే చేరుతోంది. లేనివాడికి ఏమీ చేరదు. ఉన్నవాడైనా ఆర్డర్లు లేనప్పుడు, చేసిన పనికే డబ్బు రానప్పుడు, వడ్డీ చవకైందని కొత్త మిషన్ కొంటాడా? వడ్డీ ఎంత దించినా ఎవరూ అడుగు ముందుకు వేయనప్పుడు ఖర్చు పెట్టాల్సింది ప్రభుత్వమేనని 1936లోనే ఆర్థికవేత్త కీన్స్ వాదించాడు. అంత దూరం ఎందుకు, 2025 జనవరిలో మన ఉక్కు ఫ్యాక్టరీని నిలబెట్టడానికి కేంద్రం ప్రకటించింది 11,440 కోట్ల ప్యాకేజీ. అది బడ్జెట్ డబ్బు. రెపో తగ్గింపులు ఎన్ని చేసినా ఆ పని జరిగేది కాదు.

కోశ విధానం, అంటే ప్రభుత్వం పన్నులు వేసి, ఖర్చు పెట్టే తీరు, ఊళ్లోకి ఎలా దిగుతుందో డిగ్రీ మొదటి సంవత్సరంలోనే గుణకం అనే పాఠంగా చదువుకుంటాం. చేతికొచ్చిన ప్రతి 100లో 80 ఖర్చు పెట్టే జనం ఉన్నచోట ప్రభుత్వం 100 ఖర్చు చేస్తే, ఒకరి ఖర్చు ఇంకొకరి ఆదాయమై 100, 80, 64 ఇలా చేరుకుంటూ చివరికి 500 అవుతుంది. నిజ జీవితంలో పన్నులు, పొదుపు, దిగుమతుల రూపంలో మధ్యలో కారిపోతుంది కాబట్టి అంత రాదు. ప్రజా విత్త విధానాల మీద పనిచేసే ఢిల్లీ జాతీయ సంస్థలోని ఆర్థికవేత్తలు 2013లో మన దేశానికి వేసిన అంచనాలో ఆస్తులు సృష్టించే ఖర్చుకు గుణకం 2.45. అదీ తక్కువేమీ కాదు. మా బావ బిల్లు పడితే ముందు వెల్డర్ల బాకీ తీరుతుంది. వాళ్ల దగ్గర నుంచి పాత గాజువాక కిరాణా కొట్టుకు, ఇంటి ఓనరుకు, స్కూలు ఫీజుకు పోతుంది. కొట్టువాడు పూర్ణా మార్కెట్‌లో హోల్‌సేల్ బాకీ కడతాడు. పడకపోతే ఇదే గొలుసు వెనక్కి తిరుగుతుంది. ఒక వెల్డరు దసరా తర్వాత పనికి రావడం మానేశాడు. మిగిలిన ఇద్దరికీ కిరాణా కొట్టులో అరువు ఆపేశారు.

ఈ వాదనలో నాకు అన్నిటికన్నా గట్టిగా కనిపించేది సమయం. పరపతి విధానంలో నిర్ణయం తొందరగా అవుతుంది, ఫలితం నెమ్మదిగా వస్తుంది. ఆరుగురు సభ్యుల కమిటీ కూర్చుంటే రేటు మారిపోతుంది. అది పెట్టుబడిగా మారి, పని పుట్టి, ఆ జీతం బజారుకు చేరడానికి నెలలు పడుతుంది. బడ్జెట్ ఖర్చుది దీనికి తలకిందులు. ఆమోదం, అంచనాలు, టెండరు, అనుమతులు అంటూ ఏళ్లు గడుస్తాయి, డబ్బు చేతిలో పడ్డాక మాత్రం వారంలో బజారులో కనిపిస్తుంది. ఇప్పుడు పెండింగ్ బిల్లును చూడండి. ఆమోదం అయిపోయింది, టెండరు అయిపోయింది, రెయిలింగు పట్టుకుని జనం నడుస్తున్నారు. అడ్డంకులన్నీ దాటేసిన ఖర్చు ఇది. చెల్లింపు బటన్ నొక్కడమే తరువాయి. ఆర్థిక వ్యవస్థను కదిలించడానికి ఇంత త్వరగా పనిచేసే ఉద్దీపన పాఠ్యపుస్తకంలో ఇంకోటి లేదు.

డబ్బు ఎక్కడిదని అడుగుతారు. రాష్ట్రాల అప్పుకు స్థూల ఉత్పత్తిలో 3 శాతం గీత ఉంది, కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం 293(3) అధికరణ ప్రకారం దాని అనుమతి లేకుండా అప్పు తేలేదు, ఎక్కువ తెస్తే ధరలు మండుతాయి అంటారు. 2008 ప్రపంచ సంక్షోభం నాటి ఉద్దీపన తర్వాత ధరలు మండిన మాట నిజమే. కానీ 2025 అక్టోబర్‌లో రిటైల్ ద్రవ్యోల్బణం 0.25 శాతం, లక్ష్యం 4 శాతం. ధరల భయం చూపించాల్సిన కాలం కాదిది. ఇక అప్పు అంటారా, ఆ అప్పు ఇప్పటికే చేసేశారు. ఎవరి పేరు మీద ఉందన్నదే తేడా.

అసలు గుట్టు ఇక్కడ ఉంది. మన ప్రభుత్వాల పద్దులు నగదు పద్ధతిలో రాస్తారు. డబ్బు ఖజానా దాటిన రోజే అది ఖర్చు. పని చేయించుకుని బిల్లు ఆపితే లోటు లెక్కలో అది ఎక్కడా కనిపించదు. మార్చి 31 దాటించి ఏప్రిల్‌లో చెల్లిస్తే ఆ ఏడాది లోటు ఆ మేరకు తగ్గినట్టే. రాష్ట్రం బాండ్లు అమ్మితే 7 శాతం చుట్టూ పడే అప్పును ఆటోనగర్ షెడ్డు నెత్తిన 36 శాతానికి పెడుతున్నారు. దాన్ని ఆర్థిక క్రమశిక్షణ అంటున్నారు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ అలవాటు మారలేదు. బిల్లు పుట్టిన రోజే బాకీగా రాసే అక్రూయల్ పద్ధతికి మారమని 2005-10 కాలానికి సిఫార్సులు ఇచ్చిన 12వ ఆర్థిక సంఘం చెప్పింది. ఇరవై ఏళ్లు దాటింది. చిన్న సరఫరాదారుకు 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలని, ఆలస్యమైతే బ్యాంక్ రేటుకు (రిజర్వ్ బ్యాంకు ప్రకటించే మరో రేటు) మూడింతల చక్రవడ్డీ కట్టాలని 2006 చట్టం ఉంది. ఆ కేసు వేసి గెలిచినా డిసెంబర్ నాటి బ్యాంక్ రేటుతో వచ్చేది 16.5 శాతం. బావ బయట కట్టింది 36. పైగా కేసు వేసినవాడికి అదే ఆఫీసులో రేపు ఇంకో పని దొరుకుతుందని ఎవరు నమ్ముతారు?

విశాఖకు పెద్ద పెట్టుబడులు వస్తున్నాయి, రావాలి కూడా. గూగుల్ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానంది. కానీ డేటా సెంటర్‌లో పెట్టే చిప్‌లు, సర్వర్లు ఎక్కువగా బయటి దేశాల నుంచి రావాల్సినవే. ఆ డబ్బులో పెద్ద భాగం మొదటి చుట్టులోనే నగరం దాటిపోతుంది. ఆటోనగర్‌లో పడిన రూపాయి కణితి రోడ్డు దాటేలోపే నాలుగు చేతులు మారుతుంది. ఈసారి బడ్జెట్ రోజున ప్రతి శాఖ ఎవరికి ఎంత, ఎన్ని రోజులుగా బాకీ ఉందో ఒక పట్టిక పెట్టాలి. ఆ మొత్తాన్ని లోటులో కలిపి చూపించాలి. గీత దాటితే దాటనివ్వండి, అదే నిజమైన అంకె. ఆ బాకీలు తీర్చడానికి తెచ్చే అప్పుకు కేంద్రం 3 శాతం గీత నుంచి ఒక్కసారికి మినహాయింపు ఇవ్వాలి.

ఈ ఆలస్యం ఖజానాకైనా లాభమా అంటే అదీ లేదు. మా బావ ఇప్పుడు కొటేషన్లు రెండు రకాలుగా వేస్తున్నాడు. ప్రైవేటు అపార్ట్‌మెంట్ రెయిలింగుకు ఒక రేటు. అదే పైపు, అదే కొలత, అదే వెల్డరు, కానీ ప్రభుత్వ పనైతే ఆ రేటు మీద పదిహేను శాతం ఎక్కువ.