ఉగాది భోజనాల తర్వాత ఆ నల్ల కవర్లు

మొన్న మన బెంగళూరు తెలుగువాళ్ళ ఉగాది సంబరాల్లో స్టేజి మీదకి పిలిచి నాకు శాలువా కప్పారు, పర్యావరణం కోసం స్టార్టప్ పెట్టిన మన తెలుగమ్మాయి అని మైకులో పొగిడారు, ముందు వరసలో మా అమ్మ కళ్ళు తుడుచుకుంది. అరగంట తర్వాత హాలు వెనక చూస్తే పేపరు విస్తళ్ళు, పులిహోర, సగం కొరికిన బొబ్బట్లు, ఉగాది పచ్చడి ప్లాస్టిక్ కప్పులు అన్నీ కలిపి నల్ల కవర్లలో కుక్కేస్తున్నారు. వేరు చేద్దామండీ అంటే కమిటీ అంకుల్ ఒకాయన "శాలువా కప్పుకుని చెత్తలో చెయ్యి పెడతావేంటమ్మా, ఈ ఒక్క రోజుకీ వదిలెయ్" అన్నారు. ప్రేమగానే అన్నారు, కానీ గుచ్చుకుంది.

నా పనే అది కదా. అపార్ట్‌మెంట్లలో తడిచెత్తతో, అదే ఇక్కడి కన్నడంలో హసి కసతో, బయోగ్యాస్ యూనిట్లు పెడతాం. డబ్బు పెట్టేవాళ్ళని వెతుక్కోవడం ఒక కష్టం, చెత్త వేరు చేయించడం దానికి పదింతలు. మొదటి యూనిట్ పెట్టిన రెండో నెలలో ఓ రాత్రి చెత్త నలిపే క్రషర్ ఆగిపోయింది. కరెంటు తీసేసి మూత విప్పితే బ్లేడుకి ప్లాస్టిక్ పొర తాడులా చుట్టుకుపోయి ఉంది. పేపరు విస్తరి మీద నున్నగా మెరుస్తుంది చూడండి, అదే, కాగితం నానిపోయినా అది చావదు. కత్తెరతో ముక్కలు ముక్కలుగా కోసి లాగేసరికి తెల్లారింది. ఆ ముందురోజు అక్కడ ఎవరిదో సీమంతం.

తెనాలి పక్కన మా తాతయ్యగారింట్లో కూరగాయ తొక్కలూ బియ్యం కడుగూ కుడితి తొట్టిలోకి వెళ్ళేవి, గేదె తాగేది, పేడ గోబర్ గ్యాస్‌లోకి, ఆ మంట మీదే అమ్మమ్మ పొద్దున్నే కాఫీ కాచేది. నేను చేస్తున్నదీ అదే. అలాగని ఊరిని నెత్తిన పెట్టుకోను, ఇప్పుడు అక్కడా పెళ్ళి విస్తళ్ళు కాలవ గట్టు మీదే.

కవర్లో మూటకట్టిన అన్నం గాలాడక కుళ్ళి మీథేన్ అవుతుంది, అది నూరేళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. బెంగళూరు చెత్త మోసీ మోసీ నగరం శివార్లలోని మండూరు జనం తిరగబడితే 2014లో అక్కడికి లారీలు ఆగాయి, 2015లో హైకోర్టు కూడా చెత్తని ఇంట్లోనే వేరు చెయ్యాలని ఆర్డరిచ్చింది. ఇంట్లో చేస్తున్నాం కూడా, పండగ నాడే వదిలేస్తున్నాం.

కమిటీ వాళ్ళ కష్టం నాకు తెలుసు, మూడింటిదాకా తినకుండా వడ్డిస్తారు. స్టీలు కంచాలంటే కడగడానికి నీళ్ళు కావాలి, 2024 ఎండాకాలంలో ట్యాంకర్ల కోసం పడ్డ పాట్లు ఎవరూ మర్చిపోలేదు. అందుకే అరిటాకు అంటున్నాను.

కార్తీక వనభోజనాలకి కె.ఆర్. మార్కెట్ నుంచి ఆకులు నేనే తెస్తాను. గ్లాసులు మాత్రం ఎవరివి వాళ్ళు ఇంటినుంచి తెచ్చుకోండి. రెండు డ్రమ్ములు పెడతాం, ఆకులు కంపోస్టుకి, మిగిలిన అన్నం కూరలు గ్యాస్‌కి. పిల్లల్ని కూడా నా దగ్గరకి పంపండి. అంకుల్, ఆ రోజు శాలువా వద్దు, ఆకులు ఎత్తే చోట ఒక్క గంట నా పక్కన నిలబడండి చాలు.