ఫొటో వెనక్కి తిప్పితే

మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. మాకు ఆదివారం తెల్లారేసరికి వాళ్లకి శనివారం సాయంత్రం. ఫోన్ ఎత్తగానే వాడు అడిగేది ఒకటే: "అక్కా, కొత్త ఫొటోలేవైనా ఉంటే పంపు." ఊళ్లో పెళ్లయితే పెళ్లివి, గృహప్రవేశమైతే గృహప్రవేశానివి పంపుతాను. వాడు బొటనవేలు పెడతాడు, మా మేనకోడలు ఎర్ర గుండె పెడుతుంది. ఆ తర్వాత ఆ ఫొటో ఊసు ఎవరూ ఎత్తరు.

అక్కడి మీ తెలుగు సంఘం పత్రికకి మన ఊరి గురించి నాలుగు మాటలు రాయమని వాడే అడిగాడు. ఊరి గురించంటే రాజుగారి కోట, జగన్నాథుడి గుడి, కొమ్ముతో చేసే బొమ్మలు రాయాలి. అవన్నీ మీకు వీడియోల్లో దొరుకుతాయి. నేను ఈ ఫొటోల సంగతే రాస్తాను, ఎందుకంటే దీని మీద నాకు కాస్త కోపం ఉంది.

మాది పర్లాకిమిడి. ఊరు దాటి కొంచెం అటు వెళ్తే పాతపట్నం, అది ఆంధ్ర. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడినప్పుడు, అప్పటిదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మా ఊరు అందులోకి వెళ్లింది. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు, ఇక్కడుండగానే వాడుక భాష కోసం పోరు మొదలుపెట్టారు. ఆ 1936లోనే ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మా తాతగారికి అంత ధైర్యమూ లేదు, రాజమండ్రిలో ఇల్లూ లేదు. ఉండిపోయారు. అందుకని అమ్మ చదివిన నాలుగు తరగతులూ ఒడియా బడిలోనే. ఇంట్లో మాట్లాడేది తెలుగు, పలక మీద దిద్దేది ఒడియా. నాకు తెలుగు చదవడం రాయడం వచ్చాయంటే తాతగారు సాయంత్రాలు లాంతరు ముందు కూర్చోబెట్టి దిద్దించడం వల్లే. తమ్ముడు ఆ వేళకి గోళీలాటకి పారిపోయేవాడు. (ఇదీ వాడికి మా మరదలే చదివి వినిపించాలి.)

పోయిన వేసవిలో వాళ్లు వచ్చినప్పుడు అటక మీంచి బిస్కెట్ల డబ్బా దించాం. అమ్మ పోయాక దాని జోలికి వెళ్లడం అదే మొదటిసారి. అందులో నలుచదరపు నలుపు తెలుపు ఫొటోలు ఓ యాభై దాకా ఉన్నాయి. నాన్నగారికి ఒక అగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఉండేది. రీలుకి పన్నెండే ఫొటోలు. దసరాకి వేసిన రీలు సంక్రాంతికి గాని పూర్తయ్యేది కాదు. అది కడిగించి ప్రింట్లు వేయించడానికి మళ్లీ జీతం రావాలి. ఎవరైనా పిల్లాడు ఫొటో తియ్యమని గొడవ చేస్తే, నాన్నగారు ఉత్తినే తీసినట్టు నటించేవారు. వాడు ఫొటో దిగానన్న సంబరంతో వీధంతా తిరిగేవాడు.

ఆ డబ్బాలో ఒక ఫొటో నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. వంటింటి గడప పక్కన పీట మీద ఒక పిల్లాడు కూర్చుని ఉంటాడు, ముందు కంచం. తల కదిపాడు కాబోలు, మొహం అలికేసినట్టు ఉంటుంది. పక్కన చీర కుచ్చిళ్లు, గరిటె పట్టుకున్న చెయ్యి కనిపిస్తాయి. ఆ మనిషి మొహం ఫొటోలో లేదు. చెడిపోయిన ఫొటో అనుకునే వాళ్లం. ఆల్బంలో అంటించడానికి ఎవరూ ఒప్పుకోలేదు, అందుకే డబ్బాలో ఉండిపోయింది.

మేనకోడలు దాన్ని వెనక్కి తిప్పింది. పెన్సిల్‌తో రెండు వరుసలు, గుండ్రటి ఒడియా అక్షరాలు. ఆ పిల్ల వెంటనే ఫోన్ తీసి దాని మీద పెట్టింది, చదివి చెబుతుందని. ఫోన్ అక్షరాలు బాగానే గుర్తుపట్టింది గాని, ఏదో తలాతోకా లేని ముక్క ఇంగ్లీషులో చెప్పింది. పాపం దాని తప్పేముంది, అక్షరాలు ఒడియావైతే భాష కూడా ఒడియానే అనుకుంది. నేను తీసుకుని పైకి చదివాను:

"చిన్నోడికి ఇవాళ పథ్యం పెట్టేం. బీరకాయ, చారు. రెండో మాటు అడిగేడు."

మేనకోడలికి పథ్యం అంటే తెలీదు. మిగతాదంతా అర్థమైంది. "నాన్నా, నువ్వే!" అని అరిచింది. తమ్ముడు ఫొటో చేతిలోకి తీసుకుని చాలాసేపు ఏమీ అనలేదు. వాడికి మూడో ఏట పెద్ద జ్వరం వచ్చి పదిహేను రోజులు తగ్గలేదని అమ్మ చెబుతుండేది, అది మాకు తెలుసు. జ్వరం తగ్గాక తిన్న మొదటి ముద్దకి ఒక ఫొటో ఉందని, అది యాభై ఏళ్లుగా మా అటక మీదే ఉందని తెలీదు. నాన్నగారు పన్నెండింట్లో ఒకటి దానికి ఖర్చు పెట్టారు. గరిటె పట్టిన చెయ్యి అమ్మదే.

అందుకే అంటున్నాను, మాటలేని ఫొటోలు ఇన్ని పంపుకోవడం దండగ. తీసినవాళ్లు పోయాక, వెనక రాత కూడా లేకపోతే, ఆ పీట మీది పిల్లాడు ఎవరో ఒక పిల్లాడు. ఇప్పుడు నా ఫోన్లో ఫొటోలు వేలల్లో ఉన్నాయి. వాటికి వెనక వైపంటూ లేదు.

మా సరిహద్దు ఊళ్ల వాళ్లకి ఇందులో ఇంకో చిక్కు ఉంది. మీకూ అదే చిక్కు, కాకపోతే మీరు గమనించి ఉండరు. అమ్మ తెలుగు మాట్లాడి ఒడియా అక్షరాల్లో రాసింది. మా మేనకోడలు తెలుగు మాట్లాడి ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతుంది. ఇద్దరికీ చెవికి తెలుగు వచ్చు, కంటికి రాదు. కాబట్టి తెలుగులో రాసి పంపండి అని నేను అనను, అది ఎవరూ చెయ్యని పని. ఫొటో పంపాక మైకు బొమ్మ నొక్కి అర నిమిషం మాట్లాడండి. ఇది ఎవరు, ఎక్కడ, ఆ పూట ఏమైంది, అంతే. మీ మామ్మ ఎలా మాట్లాడేదో అలాగే. "ఎవులు", "ఏటి" అన్నా సిగ్గుపడక్కర్లేదు. మా యాస ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు, ఉంటే గింటే ఆ అర నిమిషాల్లోనే ఉంటుంది.

ఇక ఏ ఫొటోలు అన్న విషయం. ఫంక్షన్ ఫొటోలు అందరూ తీస్తున్నారు, వాటికి లోటు లేదు. పెళ్లికి ముందే గోపాలపూర్ బీచ్‌కి వెళ్లి పరిగెత్తుతూ దిగుతున్నారు, పైన డ్రోన్. దిగనివ్వండి. కానీ నౌపడ నుంచి మా ఊరికి 1900లో రాజుగారు వేయించిన చిన్న రైలు ఉండేది, తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. 2004లో పెద్ద లైను కోసం దాన్ని ఆపేశారు. నేను దాంట్లో ఎన్నిసార్లు ఎక్కానో లెక్కలేదు. కాలేజీకి, పెళ్లిచూపులకి, నాన్నగారి అస్థికలతో. పెట్టె గుమ్మంలో కూర్చుని కాళ్లు వేలాడేసుకుని జీడిమామిడి పళ్లు తిన్నాం. మా ఇంట్లో దాని ఫొటో ఒక్కటి కూడా లేదు. రోజూ ఎక్కే రైలుకి ఫొటో ఏంటి అనుకున్నాం. రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లు తీసిన ఇంజను ఫొటోలు దొరుకుతాయి. వాటిలో మా వాళ్లెవరూ ఉండరు.

అలాగని కనబడిందల్లా తియ్యమని కాదు. అమ్మ ఆఖరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద ఉండగా, ముక్కులో గొట్టంతో, మా బంధువు ఒకాయన ఫొటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టేశాడు. గంటలో మూడు ఖండాల్లో అందరూ చూశారు. ఆవిడ జుట్టు దువ్వకుండా గుమ్మంలోకి కూడా వచ్చిన మనిషి కాదు. తీసెయ్యమంటే, "అందరూ అడుగుతున్నారు కదమ్మా" అన్నాడు. ఆయన మీద నాకు ఈ రోజుకీ కోపం పోలేదు. మనిషి వద్దనలేని స్థితిలో ఉన్నప్పుడు తియ్యకూడదు. పిల్లల విషయంలో కూడా నాది ఇదే మాట. స్నానం చేయిస్తున్న ఫొటో ఇప్పుడు ముద్దుగానే ఉంటుంది, పదిహేనేళ్లు వచ్చాక ఆ పిల్లనే అడగండి.

దిష్టి అనేవాళ్లని కూడా నేను పూర్తిగా కొట్టిపారెయ్యను. 1997 జూన్ 11న కాలిఫోర్నియాలో ఫిలిప్ కాన్ అనే ఇంజనీరు, భార్య పురిటి ఆసుపత్రిలో ఉండగా, కెమెరాకి ఫోన్ తగిలించి అప్పుడే పుట్టిన కూతురి ఫొటో రెండు వేల మందికి పంపాడు. ఫోన్ ఫొటోల కథ అక్కడ మొదలైంది. మా అమ్మకి ఇది చెబితే నోటి మీద చెయ్యి వేసుకుంది. "పురిట్లోనా? రెండు వేల మందికా? ఆ పిల్లకి ఉప్పు తిప్పేరా లేదా?" దిష్టి ఉందో లేదో గాని, రెండు వేల మంది అనే అంకె దగ్గర ఆవిడ ఆగిందే, అది సరైన చోటే. ఆ చెడిపోయిన ఫొటో మా ఇంట్లో పదిమంది చూస్తే చాలు.

మీలో ఎవరి ఇంట్లోనైనా అలాంటి డబ్బా ఉంటే, ఈసారి వచ్చినప్పుడు ఒక మధ్యాహ్నం దానికి కేటాయించండి. నీడలో, ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో తియ్యండి. వెనక వైపు తప్పకుండా తియ్యండి. రాత ఒడియా అయినా, తమిళమైనా, ఏమీ అర్థం కాకపోయినా సరే. జిగురు పేజీల ఆల్బంలో ఉన్నవాటిని ఊడి వచ్చినంత వరకు మెల్లగా తీసెయ్యండి, ఆ జిగురు ఫొటోలని పసుపు పట్టించి తినేస్తుంది. రానివాటిని పీకకండి, పేజీతో సహా తియ్యండి. మళ్లీ వెనక రాయాలనుకుంటే మెత్తటి పెన్సిల్ వాడండి, బాల్‌పెన్ నొక్కు ముందు వైపుకి తేలుతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో చిక్కిపోతుంది, ఎప్పుడు తీశారన్న తేదీ కూడా లోపల మిగలదు. డాక్యుమెంట్‌గా పంపితే రెండూ ఉంటాయి. నాకిది తెలిసేసరికి ఆలస్యమైంది. నా పాత ఫోన్ నీళ్లలో పడింది, బాగు చేసే కుర్రాడు రెండు రోజులు ఉంచుకుని తల అడ్డంగా ఊపాడు. అమ్మ ఫొటోలు గ్రూపులో పంపినవే మిగిలాయి. పెద్దవి చేసి చూస్తే మొహం గళ్లు గళ్లుగా విడిపోతుంది.

మొన్న మార్గశిరంలో లక్ష్మివారం నాడు తమ్ముడికి ఒక ఫొటో పంపాను. మా గుమ్మంలో సున్నపు పిండి ముగ్గు, దాని పక్కనే ఆనుకుని పక్కింటి వాళ్ల గుమ్మంలో వరిపిండి తడిపి వేళ్లతో వేసిన ఝోటి, లక్ష్మి పాదాలు. వాళ్ల పాదాల్లో ఒకటి గీత దాటి మా ముగ్గులోకి వచ్చేసింది. పక్కింటావిడ చూసుకుని నవ్వి, "మీ ఇంటికే ముందు వెళ్తోంది, ఉండనీ" అంది ఒడియాలో. ఇదంతా మైకులో చెప్పి పంపాను, నలభై సెకన్లు వచ్చింది.

ఈసారి గుండె బొమ్మ రాలేదు. మేనకోడలు తిరిగి మైకులోనే మాట్లాడింది, వెనక కారు శబ్దం. "అత్తా, గుమ్మం లోపల ఒక పీట కనిపిస్తోంది కదా, అది నాన్న కూర్చున్న పీటేనా?"

నేను లేచి వెళ్లి చూశాను. కాదు. అది మా పెళ్లప్పటి పీట. పాతదాని ఒక కోడు విరిగింది, అటక మీద పెట్టాం. నిచ్చెన కోసం పనివాడికి కబురు పంపాను, వాడింకా రాలేదు.