కామాలు, చుక్కలు దిద్దడానికేనా పీహెచ్‌డీ?

డెల్టా శివారు పొలాల్లోకి ఉప్పునీరు ఎలా ఎగదన్నుతోందో రాయడానికి పట్టిన టైం కంటే పేపర్ చివరి రిఫరెన్సుల్లో, అంటే ఎవరి రాతలు వాడుకున్నామో చెప్పే లిస్టులో, కామాలు, చుక్కలు సరిచేయడానికే ఎక్కువ పడుతోందండి బాబూ. ఒక జర్నల్ ఆ లిస్టు ఏపీఏ స్టైల్లో కావాలంటుంది, పేరు, బ్రాకెట్లో ఏడాది. అక్కడ రిజెక్టయితే ఇంకోళ్లు వాంకూవర్ స్టైల్ అంటారు, అన్నీ నంబర్లే, ఆరుగురు దాటితే మిగతా పేర్లు కొట్టేయాలి, అదే ఏపీఏ ఏడో ఎడిషన్లో అయితే 20 మంది దాకా రాయాలి. రిఫరెన్సులు దానంతటదే పేర్చే జొటేరో సాఫ్ట్‌వేర్ ఉందిగా అంటారు, ఉంది, కానీ అది లాక్కొచ్చే డేటాలోనే మన ఇంటిపేర్లు తిరగబడి ఉంటాయి, నరసాపురం మాస్టారొక్కరే లిస్టులో ఇద్దరు మనుషుల్లా కనపడతారు.

అసలు మండేది ఎక్కడంటే, 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట మీద పాత ఇరిగేషన్ రిపోర్టుకి డీఓఐ (ఆన్‌లైన్లో పేపర్ని గుర్తుపట్టే శాశ్వత నంబరు) ఏదీ అని పేపర్ వెనక్కి పంపారు. డీఓఐలు మొదలైందే 2000లో, బ్రిటిషోళ్ల నాటి రిపోర్టుకి, అదీ ఎవరూ నంబరే ఇవ్వనిదానికి, ఎక్కణ్ణుంచి తెమ్మంటారు? ముందు విషయం చదవండి, తీసుకుంటాం అన్నాక ఫార్మాట్ అడగండి, కూర్చుని చేసిస్తాం. కొన్ని జర్నళ్లు ఫస్ట్ సబ్మిషన్‌కి ఏ స్టైల్ అయినా తీసుకుంటున్నాయి కదా, మిగతావాళ్లకి ఏం అడ్డొచ్చింది?