ఏడాదికొకసారైనా అప్పన్న నయం

విశాఖపట్నంలో కాపురమున్న గృహస్థుడు పాత ల్యాప్‌టాప్‌లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకోదలచినప్పుడు ముందుగా సింహాచలం వెళ్లి రావడం శ్రేయస్కరం. నేను వెళ్లకుండా మొదలుపెట్టాను. ఫలితంగా నల్లటి తెర మీద ఒకే ఒక్క తెల్లటి వాక్యం ప్రత్యక్షమైంది: ‘నో బూటబుల్ డివైస్ ఫౌండ్’. కొత్త సిస్టమ్ ఉన్న పెన్ డ్రైవ్ గుచ్చే ఉంది, దాని దీపం మినుకుమంటోంది, లోపల హార్డ్ డిస్కు గుర్రుమని తిరుగుతోంది. అయినా బూట్ కావడానికి, అంటే యంత్రం నిద్ర లేవడానికి, ఏ పరికరమూ కనబడలేదట.

నా నేరం పెద్దదేమీ కాదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కొత్త తరం ప్రాసెసరు లేనివారి గుమ్మం విండోస్ 11 తొక్కదు. 2016లో కొన్న నా యంత్రానికి ఆ యోగం లేదు కనుక విండోస్‌కు బదులు ఉబుంటు అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుందామనుకున్నాను.

ఈ గండం గడవాలంటే ముందు బయోస్ (విండోస్ కంటే ముందే మేల్కొని యంత్రాన్ని లేపే ప్రోగ్రాము) సెట్టింగులలోకి ప్రవేశించాలి. ద్వారం తెరిచే మీట ఏదన్నది మాత్రం కంపెనీకొక సంప్రదాయం: ఒకరిది ఎఫ్2, ఒకరిది ఎఫ్10, ఒకరిది డిలీట్, మరొకరిది ఎస్కేప్. మన అప్పన్న ఏడాది పొడవునా చందనం పూతలో ఉండి వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే నిజరూపం చూపిస్తాడు. అయితే ఆ తేదీ పంచాంగంలో ముందే ఉంటుంది, క్యూలైన్లు కడతారు, మజ్జిగ పోస్తారు. బయోస్ వారి నిజరూప దర్శనం మాత్రం కంపెనీ బొమ్మ వెలిగి ఆరే ఆ ఒకటి రెండు సెకన్లలోనే జరిగిపోతుంది.

కనుక ఆ ఆదివారం మా కీబోర్డు మీద నాలుగు చేతులు మోహరించాయి. ఎఫ్2 మా ఆవిడకు, ఎఫ్10 మా అబ్బాయికి, ఎస్కేప్ నాకు, డిలీట్ కింది వాటాలోని రిటైర్డ్ ఫోర్‌మన్ గారికి కేటాయించాం. స్టీల్ ప్లాంటులో ముప్పయ్యేళ్లు చేసిన మనిషి కాబట్టి పవర్ బటన్ నొక్కే అధికారం కూడా ఆయనకే ఇచ్చాం. ‘ఏమండీ, బొమ్మ వచ్చేసింది, నొక్కండి!’ అని మా ఆవిడ అనేలోపు బొమ్మ వెళ్లిపోయేది. ఏడో ప్రయత్నంలో తలుపు తెరుచుకుంది. అది ఎవరి వేలి పుణ్యమో ఈనాటికీ తేలలేదు. ఫోర్‌మన్ గారు కాఫీ తాగి మెట్లు దిగుతూ కూడా డిలీటేనని వాదించారు.

లోపల సగం గుట్టు తెలిసింది. యంత్రం లెగసీ పద్ధతిలో, అంటే 1981 నాటి ఐబీఎం పీసీ నుంచి వస్తున్న సనాతనాచారంలో ఉంది. నా పెన్ డ్రైవేమో యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతికి మాత్రమే తయారైంది. యూఈఎఫ్ఐకి మార్చగానే పెన్ డ్రైవ్ కనబడింది. ముందు పాత ఫోటోలు కాపీ చేసుకుందామని పెన్ డ్రైవ్ తీసి మళ్లీ ఆన్ చేస్తే, ఈసారి విండోసే మాయమైంది, ఎందుకంటే అది ఎంబీఆర్ (పాత తరహా విభజన) డిస్కు మీద లెగసీ పద్ధతిలో కాపురం పెట్టినది. అత్త ఉంటే కోడలు కనబడదు, కోడలు వస్తే అత్త కనబడదు.

ఈ చుట్టరికం అప్పటికి నాకు బోధపడలేదు. భయపడి ద్వారకానగర్‌లో ఒక దుకాణానికి పట్టుకెళ్లాను. కుర్రవాడు మూత తెరిచి, ఆ వాక్యం చూసి, కూర్చోకుండానే తీర్పు చెప్పాడు.

‘డిస్కు పోయింది సార్. ఫార్మాట్ కొట్టేద్దాం.’

‘పోయిన డిస్కును ఫార్మాట్ ఎలా కొడతావు బాబూ?’

‘కొడితే వచ్చేస్తుంది సార్.’

ఆ డిస్కులో మా అమ్మ చివరి ఏడాది ఫోటోలున్నాయి. కొట్టేద్దామట! ఒక్క సెట్టింగు వెనక్కి తిప్పితే లేచి కూర్చునే డిస్కును తుడిచేద్దామట! ఈ ఒక్క మాటకు తలూపి ఎన్ని ఇళ్లు పెళ్లి ఫోటోలు పోగొట్టుకున్నాయో, ఎంతమంది పిల్లలు ప్రాజెక్టు రిపోర్టులు పోగొట్టుకుని ఏడ్చారో ఎవరు లెక్కపెట్టారు? అసలు పాపం కుర్రవాడిది కూడా కాదు, ఆ వాక్యం రాసినవాడిది. యంత్రానికి డిస్కు కనబడుతూనే ఉంది. దాని పేరు, సామర్థ్యం సెట్టింగుల పుటలో రాసి మరీ చూపిస్తోంది. ‘డిస్కు క్షేమం, నువ్వు పెట్టిన పద్ధతే దానికి సరిపడదు’ అని ఒక్క ముక్క రాయడానికి వాడికి చేతులు రాలేదు. సిగ్గులేని వాక్యం అది.

యంత్రాన్ని లాక్కుని ఇంటికొచ్చి, కనబడిన సెట్టింగులన్నీ ఒక్కొక్కటే తిరగేసి చివరికి లెగసీకి మార్చాను (మళ్లీ నాలుగు చేతులూ అవసరమయ్యాయి). విండోస్ ఏమీ ఎరగనట్టు లేచింది. అమ్మ ఫోటోలు రెండు చోట్ల కాపీ చేసుకున్న తరువాతే ఉబుంటు ఎక్కించాను. దుకాణంవారు చెకింగ్ చార్జీ మూడు వందలు పుచ్చుకుని రసీదు ఇచ్చారు. దాని మీద ‘డిస్కు లేదు’ అని రాసి ఉంది.