స్కోరు సరే, మే నెల ఎండలో ఎంతసేపు లాగుతుంది?

ఏటా సెప్టెంబరు, అక్టోబరు వచ్చేసరికి ఫోన్లకు కొత్త చిప్‌ల (ఫోన్‌కు మెదడులాంటి ప్రాసెసర్ల) జాతర మొదలవుతుంది. గిగాహెర్ట్జ్ (వేగం) ఎంత, నానోమీటర్లు (తయారీ తరం) ఎన్ని, ఫోన్ వేగాన్ని పరీక్షించే యాంటూటూ యాప్‌లో స్కోరు ఎన్ని లక్షలు అని ఒకటే హడావుడి. ఒంగోలు ట్రంకు రోడ్డులో ఏ సెల్ షాపులోకి వెళ్ళినా కుర్రాడు ముందు చెప్పేది అదే. "అన్నా, దీని స్కోరు ముప్ఫై లక్షలు దాటిందన్నా." ఆ స్కోరు ఎక్కడ తీశారు, ఎంతసేపు నిలబడింది, అప్పుడు బయట ఎండ ఎంత ఉంది అంటే మాత్రం సమాధానం ఉండదు. నా గొడవంతా దాని గురించే.

వేగం పెరగలేదని నేననను. 2007లో వచ్చిన తొలి ఐఫోన్‌లో 412 మెగాహెర్ట్జ్‌తో నడిచే ఒకే ఒక్క కోర్ (లెక్కలు చేసే భాగం) ఉండేది. 2024 అక్టోబరులో వచ్చిన స్నాప్‌డ్రాగన్ 8 ఎలైట్ అనే చిప్‌లో ఎనిమిది కోర్లు, వాటిలో రెండు 4.32 గిగాహెర్ట్జ్ (అంటే 4320 మెగాహెర్ట్జ్) దాకా పోతాయి. మరుసటి ఏడాది చిప్‌లో అది 4.6 అయింది. రేపు ఐదు దాటినా ఆశ్చర్యపోను. కానీ ఫోన్ మందం పెరగలేదు, కొన్ని గేమింగ్ ఫోన్లను వదిలేస్తే లోపల ఫ్యానూ లేదు. మరి పుట్టిన వేడి ఎటు పోవాలి?

చిప్ తినే కరెంటు క్లాక్ వేగంతో (ఆ గిగాహెర్ట్జ్ అంకెతో) పాటు పెరుగుతుంది. వోల్టేజీ పెంచితే దాని వర్గం లెక్కన (రెండింతలు చేస్తే నాలుగింతలు) పెరుగుతుంది. పై వేగాలకు పోవాలంటే వోల్టేజీ పెంచక తప్పదు కాబట్టి, చివరి పది శాతం వేగం కోసం కరెంటు ముప్ఫై శాతం దాకా ఎక్కువ పోయాలి. ఆ కరెంటంతా చివరికి వేడే. ఫ్యాన్ లేని ఫోన్ నిలకడగా బయటికి వదలగలిగేది నాలుగైదు వాట్లు. పెద్ద చిప్‌లు పూర్తి జోరు మీదుంటే అంతకు మూడింతలు లాగుతాయి. అందుకే కాసేపటికే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. దీన్ని థ్రాట్లింగ్ అంటారు. ఇదంతా ఏసీ గదిలో కూర్చుని చేసిన టెస్టుల సంగతి.

ఇక మా సంగతి. నేను పనిచేసేది చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ క్వారీలో. నల్లరాయి, చుట్టూ నిట్టనిలువు గోడలు, గుంతలో గాలి ఆడదు. బ్లాకు మీద నీళ్ళు కొట్టి, ఆ బంగారు చుక్కలు తేలేట్టు నాలుగు పక్కలా వీడియో తీసి పంపాలి. లేదంటే కొనేవాళ్ళకు వీడియో కాల్‌లో చూపించాలి. చుక్క దగ్గరగా పడిందా, పలచగా పడిందా, ఎక్కడన్నా గీత ఉందా అని వాళ్ళు చూసి రేటు మాట్లాడేది దాన్నిబట్టే. సరిగ్గా ఆ సమయానికి స్క్రీన్ మసకబారుతుంది. ఫ్లాష్ పనిచేయదు. ఫోన్ వేడెక్కింది, కాసేపు ఆగమని ఒక నోటీసు. నా ఫోన్‌లో ఉన్నది ఆ ఏడాది వచ్చిన పెద్ద చిప్పే. పక్కన మా హిటాచీ ఆపరేటర్ దగ్గరున్న చవక ఫోన్ మాత్రం చాలాసార్లు వీడియో తీస్తూనే ఉంటుంది, ఎందుకంటే దాని చిప్‌కు అంత వేడి పుట్టించే శక్తే లేదు.

ఒక లెక్క చూడండి. మిట్టమధ్యాహ్నం నేరుగా పడే ఎండ చదరపు మీటరుకు సుమారు 1000 వాట్లు. ఫోన్ ముఖం మీద పడేదే పది వాట్ల పైమాట, నల్ల అద్దం అందులో చాలా భాగాన్ని పీల్చుకుంటుంది. అంటే చిప్ ఒక్క పనీ మొదలుపెట్టకముందే ఫోన్ వదలగలిగినంత వేడిని, అంతకు మించి కూడా, ఎండే తెచ్చి పోస్తోంది. ఇక బయట గాలే 43 డిగ్రీలుంటే ఫోన్ తన వేడిని ఎవరికిస్తుంది? ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ కంపెనీయే చెబుతోంది. మే నెలలో మా దగ్గర 35 అంటే పొద్దున తొమ్మిదింటి మాట. ఆ తర్వాత ఫోన్‌ను బీరువాలో పెట్టి దీపాలు పెట్టే వేళకు తీసుకోవాలా ఏంది?

మా ప్రకాశం, నెల్లూరు పల్లెల్లో తిరునాళ్ళకు బండలాగుడు పోటీలు పెడతారు. ఇచ్చిన సమయంలో జత బండను ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. మొదటి ఊపు చూసి ఏ ఒంగోలు గిత్తకీ బహుమతి ఇవ్వరు. ఈ బెంచ్‌మార్క్ (వేగ పరీక్ష) స్కోర్లు మాత్రం ఆ మొదటి ఊపుకే ఇచ్చే బహుమతులు.

దాంట్లోనూ మతలబులు. 2022లో శాంసంగ్ గెలాక్సీ ఎస్22 విషయంలో ఏం జరిగిందో గుర్తుందా? వేడి, బ్యాటరీ అదుపులో ఉంచడానికని ఒక సాఫ్ట్‌వేర్ గేముల వేగం తగ్గించేది, బెంచ్‌మార్క్ యాప్‌ల జోలికి మాత్రం పోయేది కాదు. విషయం బయటపడ్డాక గీక్‌బెంచ్ అనే వేగ పరీక్ష యాప్ వాళ్ళు ఆ ఫోన్లను తమ జాబితాలోంచి తీసేశారు. వేగం తగ్గించడం తప్పని నేననను. పరీక్ష పెట్టేవాడి ముందు ఒకలాగా, డబ్బు పెట్టి కొన్నవాడి చేతిలో ఇంకోలాగా నడవడమే మోసం.

ఇప్పుడు 2 నానోమీటర్ల కాలం. (ఆ 2 చిప్‌లో ఏ భాగాన్నీ కొలిస్తే వచ్చింది కాదు, కంపెనీలు పెట్టుకున్న పేరు. అది వేరే పంచాయితీ.) తైవాన్‌లోని చిప్‌ల తయారీ కంపెనీ టీఎస్ఎంసీ 2025 చివర్లో వీటి భారీ ఉత్పత్తి మొదలుపెట్టింది. తన 3 నానోమీటర్ల తరంతో పోల్చి ఆ కంపెనీ చెప్పిన లెక్క ఇది: కరెంటు ఖర్చు అంతే ఉంచితే వేగం 10 నుంచి 15 శాతం పెరుగుతుంది. వేగం అంతే ఉంచితే కరెంటు 25 నుంచి 30 శాతం తగ్గుతుంది. రెండూ పూర్తిగా కావాలంటే కుదరదు. నన్నడిగితే ఆలోచించకుండా రెండోది తీసుకుంటా. నిరుటి వేగంలో నాకు తక్కువైంది ఏమీ లేదు. పావు వంతు వేడి తగ్గితే మాత్రం మిట్టమధ్యాహ్నం పని ఆగదు, బ్యాటరీ సాయంత్రం దాకా వస్తుంది. కానీ స్టేజీ మీద నిలబడి "ఈ ఏడు మా చిప్ నిరుటి వేగమే, కాకపోతే చల్లగా ఉంటుంది" అంటే చప్పట్లు పడవు. అందుకని ఆదా అయినదాంట్లో పెద్ద ముక్క మళ్ళీ క్లాక్ వేగానికే పోస్తారు.

వేడి సంగతి వాళ్ళకు తెలియక కాదు. 2023లో టైటానియం చట్రమని గొప్పగా చెప్పుకున్న ఆపిల్, 2025లో ఐఫోన్ 17 ప్రోకు దాన్ని వదిలి అల్యూమినియంకు వచ్చింది, లోపల వేపర్ ఛాంబర్ (చిప్ వేడిని లాగి ఫోనంతా పరిచే పల్చటి లోహపు డబ్బా) కూడా పెట్టింది. అల్యూమినియం వేడిని త్వరగా పంచుతుంది కాబట్టి. గూగుల్ 2023లో పిక్సెల్ 8 నుంచి ఏడేళ్ళ అప్‌డేట్‌లు మొదలుపెట్టింది, శాంసంగ్ కూడా తన పెద్ద ఫోన్లకు అదే మాట ఇచ్చింది. మంచిదే. కానీ లిథియం బ్యాటరీకి వేడే పెద్ద శత్రువు. మా వేసవులు నాలుగు దాటాక ఆ బ్యాటరీలో మిగిలేది ఎంత?

ఎక్కువ శక్తి నిజంగా అక్కరకొచ్చే పని నాకు ఒకటే కనబడుతోంది, ఫోన్ లోపలే నడిచే ఏఐ. క్వారీ గుంతలో సిగ్నల్ ఉండదు. నేను తెలుగులో చెప్తే బ్లాకు నంబరు, కొలతలు, నాణ్యత నెట్ లేకుండానే పట్టీగా రాసిపెట్టాలి. చైనా కొనుగోలుదారుతో మాట్లాడేటప్పుడు అప్పటికప్పుడు తర్జుమా చేయాలి. దానికి ప్రాసెసర్ ఒక్కటే చాలదు. నాలుగు వందల కోట్ల పారామీటర్ల (నేర్చుకున్నదాన్ని దాచుకునే అంకెల) ఏఐ మోడల్‌ను బాగా కుదించినా ర్యామ్‌లో రెండు జీబీ పడుతుంది. మాట మాటకీ ఆ రెండు జీబీని తిరగేస్తూ ఉండాలి, అదీ వేడే. ఆ ర్యామ్ ధరలేమో డేటా సెంటర్ల గిరాకీతో మండిపోతున్నాయి.

కాబట్టి కంపెనీలకు నేను చెప్పేది ఒక్కటే. డబ్బా మీద ఇంకో అంకె అచ్చేయండి: 43 డిగ్రీల్లో, ఎండ తగులుతూ, అరగంట తర్వాత మీ చిప్ ఎంత వేగంతో నడుస్తోందో. ఆ అంకె బాగుంటే లక్ష పెట్టి కొనడానికైనా నాకు అభ్యంతరం లేదు. అది వేసేదాకా నాకు మధ్యరకం చిప్, పెద్ద బ్యాటరీ ఉన్న ఇరవై వేల ఫోనే చాలు.