నాలుగు ట్రాకుల పనితనం

బీటిల్స్ అనగానే అభిమానుల కేకలు, నుదుటిమీద పడే జుట్టు గుర్తొస్తాయి. 1970లో విడిపోయిన ఆ లివర్‌పూల్ సంగీత బృందాన్ని ఇంకా ఆ వెర్రి అభిమానంతోనే కొలవడం వారి పనితనానికి అన్యాయమని మేం భావిస్తున్నాం. స్టూడియోనే ఒక వాద్యంగా వాడుకోవచ్చని లోకానికి చూపించిన ఘనతలో పెద్ద వాటా వారిదీ, నిర్మాత జార్జ్ మార్టిన్‌దీ.

1963 ఫిబ్రవరి 11న తొలి ఆల్బంలోని పది పాటలు ఒక్క రోజులో పూర్తయ్యాయి. టేపు మీద రెండే ట్రాకులు, అంటే ధ్వనిని విడివిడిగా ఎక్కించుకునే వరుసలు. జలుబు చేసిన బృంద గాయకుడు జాన్ లెనన్ గొంతు చివరి పాటకు ఒక్క టేక్ (ఒకసారి పాడి రికార్డు చేయడం) వరకే నిలిచింది. రికార్డులో మనం వినేది అదే. 1965లో న్యూయార్క్ షియా స్టేడియానికి 55 వేల మందికి పైగా వచ్చారు. ఆ హోరులో తమ వాయిద్యాలు తమకే సరిగా వినపడలేదు. మరుసటి ఏడాది ఆగస్టులో కచేరీ యాత్రలకు స్వస్తి చెప్పారు.

అక్కడి నుంచే అసలు పని మొదలైంది. 1967 నాటి ‘సార్జంట్ పెప్పర్స్’ ఆల్బం కూడా నాలుగు ట్రాకుల యంత్రాల మీదే తయారైంది. నాలుగూ నిండాక వాటిని కలిపి రెండో యంత్రంలో ఒకటి రెండు ట్రాకుల్లోకి ఎక్కిస్తే మిగతావి ఖాళీ అవుతాయి. అలా ఎక్కించిన ప్రతిసారీ టేపు బుస పెరుగుతుంది. పైగా అప్పుడు డ్రమ్స్ మోత ఎక్కువైతే తర్వాత తగ్గించే దారి లేదు. కాబట్టి ఏది ఎంత వినపడాలో అప్పటికప్పుడే తేల్చుకోవాలి. ఎన్ని ట్రాకులంటే అన్ని దొరికే నేటి సాఫ్ట్‌వేర్లు ఆ నిర్ణయాన్ని వాయిదా వేయనిస్తాయి. చాలా పాటలు కిక్కిరిసిపోవడానికి అదీ ఒక కారణం.

‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’ను హెడ్‌ఫోన్స్‌లో వినండి. సరిగ్గా నిమిషం దగ్గర ఏడో టేక్ ముగిసి ఇరవై ఆరోది అందుకుంటుంది. రెండింటి శ్రుతి వేరు, లయ వేరు. అయితే వేగంగా ఉన్న ఇరవై ఆరోదే హెచ్చు శ్రుతిలో కూడా ఉండటం కలిసొచ్చింది. టేపు నెమ్మదిస్తే రెండూ కలిసే దిగుతాయి కదా! అందుకే అతుకు దాటాక లెనన్ గొంతు బరువెక్కి మత్తుగా వినిపిస్తుంది.

2023లో వచ్చిన ‘నౌ అండ్ దెన్’ పాట కూడా స్టూడియో పనితనంతోనే రూపుదిద్దుకుంది. లెనన్ ఇంట్లో పాడుకున్న క్యాసెట్‌లో పియానో, గొంతు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం వల్ల 1995లో ఆ పాటను పక్కన పెట్టేశారు. కంప్యూటర్ ఆ రెంటినీ విడదీశాకే బృంద సభ్యులు పాల్ మెకార్ట్‌నీ, రింగో స్టార్ దాన్ని పూర్తి చేయగలిగారు. 2001లో కన్నుమూసిన మరో సభ్యుడు జార్జ్ హారిసన్ గిటార్‌ను 1995 టేపుల నుంచే తీసుకున్నారు.