దొంగ కార్డుకు గీటురాయి ఎవరి సైటు?

దొంగిలించిన కార్డు నంబర్లు వేలల్లో గంపగుత్తగా కొన్నవాడికి మొదట పట్టుకునే బెంగ ఒకటే: వీటిలో ఎన్ని ఇంకా పనిచేస్తున్నాయి? అది తేల్చుకోవడానికి ఎవరిదో ఒక పేమెంట్ పేజీ కావాలి. కార్డ్ టెస్టింగ్ అంటే ఇదే.

అలాంటి దాడి జరిగిన రాత్రి ఆర్డర్ల లాగ్ తెరిస్తే సంగతి ఇట్టే తెలిసిపోతుంది. ఒకే చిన్న మొత్తం, రెండు సెకన్లకో ప్రయత్నం. పేరు రాయాల్సిన చోట కీబోర్డు మీద చెయ్యి ఆడించినట్టు అక్షరాలు. ఫెయిల్, ఫెయిల్, ఫెయిల్... ఎక్కడో నలభయ్యో వరసలో ఒక సక్సెస్. ఈ ప్రయత్నాలన్నీ తనంతట తానే చేసే ప్రోగ్రామ్‌కు, అంటే బాట్‌కు, కావలసింది ఆ ఒక్క వరసే. విరాళాల పేజీలంటే వీళ్లకు మక్కువ కూడా అందుకే. ఎంతైనా ఇవ్వొచ్చు, డెలివరీ ఊసే ఉండదు.

నంబర్లు కొనకుండా పుట్టించేవాళ్లూ ఉన్నారు. 16 అంకెల కార్డులో మొదటి 6 లేదా 8 అంకెలు కార్డు ఇచ్చిన సంస్థను సూచిస్తాయి, అవేమీ రహస్యం కాదు. చివరి అంకెను లూన్ సూత్రంతో ఎవరైనా లెక్కగట్టొచ్చు. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో పేటెంట్ కోసం దరఖాస్తు చేసిన ఈ సూత్రం, నంబరు కొట్టడంలో దొర్లే పొరపాట్లను పట్టుకోవడానికే పుట్టింది. దొంగలకు అదే జల్లెడగా పనికొస్తోంది.

ఇక గడువు తేదీ, సీవీవీ (కార్డు వెనక ఉండే మూడంకెల కోడ్). కార్డుకు ఐదేళ్ల గడువు అనుకుంటే 60 నెలలు, సీవీవీకి 1000 అవకాశాలు. రెండూ కలిపి ఊహించాలంటే 60,000 ప్రయత్నాలు. కానీ కొన్ని సైట్లు సీవీవీ అడగవు. అక్కడ ముందు తేదీ పట్టేసి, తర్వాత వేరే సైట్లలో సీవీవీ వెతికితే 1060తో పని అయిపోతుంది. 2016లో న్యూకాజిల్ యూనివర్సిటీ పరిశోధకులు సరిగ్గా ఇదే చూపించారు. ప్రయత్నాలను చాలా సైట్లకు పంచితే ఏ సైట్లోనూ పరిమితి దాటదు. అప్పట్లో మాస్టర్‌కార్డ్ నెట్‌వర్క్ పది ప్రయత్నాల లోపే పసిగట్టింది, వీసా పసిగట్టలేకపోయింది.

నా వాదనంతా ఈ తేడా మీదే. విడి విడి దుకాణాలకు కనిపించనిది, అన్నిటినీ పైనుంచి చూసేవాళ్లకు కనిపిస్తుంది. అయినా దెబ్బ తగిలిన చిన్న వ్యాపారికే మనం క్యాప్చా పెట్టుకోమనీ, ఐపీ బ్లాక్ చేయమనీ సలహాలిస్తాం. బాట్ నిమిషానికో ఐపీ మారుస్తుంటే ఆయన ఎన్నని బ్లాక్ చేస్తాడు? పైగా చాలా ఒప్పందాల్లో ఫెయిలైన ప్రయత్నానికి కూడా ఫీజు ఆయనదే. ఈ రక్షణలన్నీ గేట్‌వేలే (సైట్ల తరఫున కార్డు చెల్లింపులు నడిపే సంస్థలు) మొదటి రోజు నుంచి ఆన్ చేసి ఇవ్వాలి, వద్దనుకున్నవాళ్లు ఆపుకుంటారు.

వ్యాపారి చేతిలో ఉన్నదల్లా నోరు అదుపులో పెట్టుకోవడం. 'సీవీవీ తప్పు', 'గడువు తేదీ తప్పు' అని విడమరిచి చెప్పే పేజీ దొంగకు దారి చూపిస్తున్నట్టే. 'చెల్లింపు జరగలేదు, వివరాలు సరిచూసుకోండి' అంటే చాలు. అసలు కస్టమర్ కాస్త విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

దాడి ఆగాక సక్సెస్ అయిన వరసలన్నిటికీ వెంటనే రిఫండ్ ఇచ్చేయాలి, చార్జ్‌బ్యాక్ (కార్డు యజమాని ఫిర్యాదుతో బ్యాంకు డబ్బు వెనక్కి లాక్కోవడం) వచ్చేదాకా ఆగకూడదు. చిన్న మొత్తం పోయినట్టు గమనించని కార్డు యజమానికి, ఆ రిఫండ్ మెసేజే మొదటి హెచ్చరిక కావచ్చు.